పొగడ్త వద్దు, వంతుకు రండి

(అంబేద్కర్ జయంతి నాటి రాత్రి ఒక దళితవాడలో జరిగిన సభలో ఉపాధ్యాయ కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగం. కాగితం చూసి చదివింది కాదు గనక మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)

 

జయంతి సభ అంటే బాబాసాహెబ్ పుట్టిన ఊరు, చదివిన చదువులు, రాసిన రాజ్యాంగం గురించి చెప్పి, దండ వేసి కూర్చోవడం అలవాటయింది మనకి. నేనూ పదిహేనేళ్లుగా అదే చేస్తున్నా. ఈ రాత్రి ఆ పని చెయ్యను. మీ పేటలో ఇరవై నాలుగేళ్ల తమ్ముడొకడు నెలన్నర కింద సెంట్రింగ్ పనిలో మూడో అంతస్తు మీంచి పడ్డాడు. ఆపరేషనయింది. పది రోజుల కింద ఇంటికి తెచ్చారు. నడుము కింద కాళ్లు కదలట్లేదు. ఇక్కడికి నాలుగిళ్ల అవతల పడుకుని ఉన్నాడు. ఈ మైకు వాడికి వినపడుతుంది.

తమ్ముడూ, పొద్దున నీ మంచం పక్కన కూర్చుని అడిగాను గదా, సభలో నీ సంగతి ఎత్తనా అని. పేరు చెప్పకుండా ఎత్తమన్నావు. అట్లాగే చేస్తున్నా. నీ గురించి వీళ్లతోనే కాదు, నీతో కూడా మాట్లాడుతున్నా, విను.

నేను డాక్టర్ని కాను, బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా అయ్యకు ఇద్దరం కొడుకులం. ఇద్దర్నీ చదివించే స్తోమత లేక మా తమ్ముణ్ణి ఏడో తరగతిలో ఆపేశారు. వాడు రాడ్డు పనికి పోయాడు. నా బి.ఇడి. ఫీజు వాడు ఇనుము వంచిన కూలీ. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, వాడి నడుము విరిగినప్పుడు నేనేం చేశానో విన్నాక మీరు నన్ను సరిగ్గా తూకం వెయ్యాలి.

2012 మే నెల. విజయవాడలో అపార్టుమెంటు పని. రెండో స్లాబు మీద రాడ్లు కడుతూ, కాలి కింద చెక్క జారి ఇటికల గుట్ట మీద పడ్డాడు. నడుముకు తాడు లేదు, కింద వల లేదు. తోటి కూలీలు ప్రాణం పెట్టి పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో కుదేశారు. పోలీసు కేసవుద్దని కాంట్రాక్టరు 108కి ఫోను చెయ్యనియ్యలేదు. పడటంలో ఎంత చెడిందో, ఎత్తటంలో ఎంత చెడిందో ఇవాళ ఎవరూ విడదీసి చెప్పలేరు.

అందుకని మొదట ఇది గుర్తుపెట్టుకోండి. ఎత్తు నుంచి పడ్డ మనిషిని మూటలాగా ఎత్తొద్దు. కూర్చోబెట్టొద్దు. నీళ్లు పట్టొద్దు. తల, మెడ, నడుము ఒకే వరసలో కదలకుండా పట్టుకుని 108 వచ్చేదాకా ఆగండి. మన రాష్ట్రంలో ఆ బండి 2005 నుంచి ఉంది, దానికి డబ్బు కట్టే పనిలేదు. బండి రాలేని చోటయితే నలుగురూ ఒకే మాట మీద మనిషిని దుంగలాగా దొర్లించి తలుపు చెక్క మీదికి చేర్చి తీసుకుపోండి. మన పిల్లలే గదా స్లాబుల మీద ఎక్కేది. ఇది మన పేటలో అందరికీ రావాలి.

వెన్నుపూసల మధ్యలోంచి తాడు లాంటి నరం ఒకటి దిగుతుంది. మెదడు చెప్పే మాటను కాళ్లకు మోసేది అదే. అది నలిగితే కింది భాగానికి కదలిక పోద్ది, స్పర్శ పోద్ది, ఒంటికీ రెంటికీ తెలియకుండా పోద్ది. విరిగిన ఎముకకు రాడ్లు బిగించి నిలబెడతారు. నలిగిన నరాన్ని బాగుచేసే ఆపరేషను మాత్రం ఇప్పటికీ లేదు. కొందరికి మొదటి నెలల్లో కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు.

ఇరవై రెండు రోజులకి మా వాణ్ణి ఇంటికి తెచ్చాం. ఆసుపత్రి చీటీలో మందులు రాశారు. రేత్రిపూట మనిషిని ఎట్లా తిప్పాలో, ఎవరు తిప్పాలో ఆ చీటీలో లేదు.

ఎవరు తిప్పారు? మా మరదలు. నాలుగేళ్ల పిల్లాడు, చంకలో పాలు తాగే పిల్ల. కూలి మానేసింది. కడగటం, తుడవటం, గుడ్డలు ఉతకటం, తినిపించటం అంతా ఆమే. మరి నేను? పొద్దున బడి, సాయంత్రం సంఘం. ఆదివారం పండ్లు తీసుకుపోయి మంచం పక్కన కుర్చీ వేసుకుని, చూడవచ్చిన చుట్టాల ముందు “మా మరదలు మనిషి కాదు, దేవత” అనేవాణ్ణి. మా అమ్మ అదే మాట. వీధిలో వాళ్లదీ అదే మాట. దేవత అన్నాక ఆమెకి నిద్ర కావాలని ఎవరికీ తట్టలేదు.

మూడు నెలలు అట్లా నడిచింది. నడుము కింద, ముడ్డి ఎముక మీద ఒక మచ్చ లేచింది. మొదట ఎర్రగా రూపాయి బిళ్లంత. వారానికి అరచెయ్యంత పుండు. వాడికి నొప్పి తెలియదు గదా. వాసన వస్తే మాకు తెలిసింది. ఒకే చోట ఒత్తిడి పడితే అక్కడికి రక్తం అందక కండ చచ్చిపోద్ది. రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఆసుపత్రిలో నర్సమ్మ నోటిమాటగా చెప్పింది. రెండు గంటలకోసారి అంటే రోజుకి పన్నెండుసార్లు. ఒక్క మనిషి, చంటిపిల్లతో, నెలల తరబడి చెయ్యగలదా? ఎవరూ లెక్క వెయ్యలేదు. లెక్కల పంతుల్ని, నేనే వెయ్యలేదు.

ఆ వారమే ఒక సభలో శ్రమ గౌరవం మీద గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. రేత్రి పదకొండింటికి పోతూ పోతూ తమ్ముడి ఇంట్లోకి తొంగి చూశా. మా మరదలు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. చేతిలో తడిగుడ్డ. అలికిడికి లేచింది. నేను అలవాటు కొద్దీ, “నీలాంటిది మా ఇంటికి రావటం మా అదృష్టం అమ్మా...” అని మొదలెట్టా. మా ఇళ్లల్లో మరదలు బావ ఎదుట గొంతెత్తదు. ఆ రేత్రి ఎత్తింది.

“నన్ను పొగడొద్దు బావగారూ. రేత్రి రెండు గంటల వంతు మీరు తీసుకోండి” అంది.

అంతే. ఇంకో మాట అన్లేదు. లోపలికి పోయి పిల్లకి పాలిచ్చింది.

ఇంటికి పోయానే గానీ నిద్ర పట్టలేదు. మలమూత్రాలెత్తే పని పవిత్రమైన సేవ అని ఈ దేశంలో పెద్దపెద్దవాళ్లు మనల్ని పొగిడారు. పనిని పొగిడి, ఆ పని చేసే కులాన్ని అందులోనే కట్టిపడేసే ఎత్తుగడ అది అని బాబాసాహెబ్ 1945లో అచ్చయిన పుస్తకంలో గాంధీని, కాంగ్రెస్‌ని నిలదీశాడు. ఆ సంగతి నేను ఎన్ని సభల్లో చెప్పానో! అదే పొగడ్తని నా ఇంట్లో ఒక ఆడమనిషి మీద వాడాను. మనకి వాళ్లు చేసింది నేను ఆమెకి చేశాను. ఇది మీ ముందు ఒప్పుకోటానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా ఒప్పుకుంటున్నా.

తెల్లారి బడిలో మూలనబడ్డ నల్లబల్ల అడిగి తెచ్చి తమ్ముడి మంచం ఎదురుగా గోడకి కొట్టాను. బడిపంతులికి వచ్చిన పని టైంటేబులే గదా. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. పుండు మానేదాకా వెల్లకిలా కొట్టేశాం. రేత్రి పదికి మా అమ్మ. పన్నెండుకి పక్కింటి డిగ్రీ కుర్రాడు, ఎటూ చదువుకుంటూ మేలుకునే ఉంటాడు. రెండుకి నేను. నాలుక్కి మా అయ్య, ముసలాయన ఎటూ లేస్తాడు. మా మరదలికి రేత్రి నిద్ర.

మొదటి రేత్రి తమ్ముడు నన్ను చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ టయానికి పక్క తడిసింది, మలం పోయింది. “అన్నా, నువ్వు ఈ పని చేసే కంటే నన్ను చావనియ్యి” అన్నాడు. నేను ఏం చెప్పను? గుడ్డ తీశా. నాకు వాంతొచ్చింది. బయటికి పోయి కక్కి, నోరు కడుక్కుని మళ్లీ వచ్చా. ఎట్లా తిప్పాలో తెలియక భుజం పట్టి లాగుతున్నా. కాసేపు చూసి వాడే అన్నాడు, “భుజం కాదన్నా, ముందు మోకాలు మడిచి అప్పుడు తిప్పు” అని. ఆ రేత్రి వాడు మేస్త్రి, నేను కూలీ. చిన్నప్పటి నుంచి నేను వాడికి నేర్పేవాణ్ణే తప్ప వాడి దగ్గర నేర్చుకున్నది అదే మొదలు.

ఏడు నెలలు పట్టింది ఆ పుండు మానటానికి. ఈలోగా మేం చేసిన తప్పులు మీరు చెయ్యకుండా చెబుతా. పక్క మార్చేటప్పుడు మనిషిని దుప్పటి మీద ఈడ్వొద్దు, ఎత్తి జరపండి. దుప్పటి ముడతలు పడనియ్యొద్దు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మడమలు, తొంటి, నడుము కింద చూడండి. ఎర్రమచ్చ కనపడి, దాని మీద బరువు తీసేసినా పోకపోతే ఆ చోటు మీద ఇక పడుకోబెట్టొద్దు. నులక మంచం గుంట పడుద్ది, పనికిరాదు. బల్ల మీద మెత్తటి పరుపు వెయ్యండి, దొరికితే గాలి పరుపు. మా చుట్టం ఒకాయన కాళ్లలో వేడి పుట్టాలని ఇటిక కాపడం పెట్టాడు. స్పర్శ లేని కాలు, బొబ్బలెక్కినా తెలియలేదు. ఒంటికి పైపు ఎన్నాళ్లుంచాలో, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన చేతులతో ఎవరికి వారు పైపు పెట్టుకునే పద్ధతి తమకి పనికొస్తుందో లేదో డాక్టర్ని అడిగి నేర్చుకోండి. చలిజ్వరం వచ్చినా, మూత్రం మబ్బుగా, వాసనగా వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. కీళ్లు బిగిసిపోకుండా రోజూ కాళ్లు మెల్లగా కదిలించండి. ఇక నూనె మర్దనాతో నలభై రోజుల్లో నడిపిస్తానన్నవాడు మా దగ్గర పద్దెనిమిది వేలు పట్టుకుపోయాడు. మా మరదలి చెవుల కమ్మలవి.

నడుస్తాడా, నడవడా? మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న అదే. మేం రెండేళ్లు ఆ ఒక్క ప్రశ్నే అడిగాం. అడిగిన కొద్దీ వాడు కుంగిపోయాడు. కంచం విసిరికొట్టాడు. పిల్లాణ్ణి కసురుకున్నాడు. నెలల తరబడి మాట మానేశాడు. అది మనిషి చెడ్డతనం కాదు, ఆ స్థితిలో ఎవరికయినా వచ్చేదే. అటువంటప్పుడు ఒంటరిగా వదలొద్దు. చావు మాట ఎత్తితే తిట్టి నోరు మూయించొద్దు. కూర్చుని వినండి, డాక్టరుకీ చెప్పండి.

ఒకరోజు నేను, మా అయ్య, వాడి బావమరిది వాడి మంచం పక్కనే కూర్చుని గేదెని అమ్మాలా వద్దా అని మాట్లాడుకుంటున్నాం. ఉన్నట్టుండి వాడు, “విరిగింది నా నడుము. నోరు విరగలేదు. నా గేదె సంగతి నన్నడగరేం?” అన్నాడు. ముగ్గురం తల దించుకున్నాం. మా తమ్ముడు కోలుకోవటం మొదలయింది ఆ రోజే అని నా లెక్క. గేదెని అమ్మలేదు. వాడు వద్దన్నాడు, పాల డబ్బే ఆ యేడు ఇల్లు నడిపింది.

కోలుకోవటం అంటే లేచి నడవటం ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. తన చేతుల బలంతో మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దిగటం కోలుకోవటం. కుర్చీలో కూర్చుని మధ్యమధ్య చేతుల మీద లేచి పిరుదుల మీద బరువు తీయటం కోలుకోవటం. తన ఒంటి పని తను చేసుకోవటం కోలుకోవటం. మా వాడు నడవలేదు. కానీ ఇవాళ చుట్టుపక్కల మేస్త్రీలు వాడి దగ్గరికొచ్చి ఇనుము లెక్క రాయించుకుంటారు. పన్నెండు ఎం.ఎం. రాడ్డు మీటరుకి 0.89 కిలో అని కాగితం చూడకుండా చెబుతాడు. ఏడో తరగతిలో ఆపేసిన బుర్ర అది.

ఇక డబ్బు సంగతి. కాంట్రాక్టరు ఆసుపత్రికి ఇరవై వేలు కట్టి తెల్లకాగితం మీద మా అయ్య వేలిముద్ర తీసుకున్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి మేం అప్పులు తెచ్చాం. పనిలో దెబ్బ తగిలితే పరిహారం అడిగే హక్కుందని ఏడాదిన్నర దాకా మాకు తెలియదు. దాఖలు చెయ్యటానికి గడువు రెండేళ్లు. ఆరు నెలలుండగా వేశాం, నాలుగేళ్లు తిరిగాం, వచ్చింది అప్పులకి సరిపోయింది. 1923 నాటి ఆ పరిహారం చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడులో కలిసింది, ఆ కోడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. చట్టం పేరు మారింది గానీ పని ఇచ్చినవాడి బాధ్యత పోలేదు. తెల్లకాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవాలి. పడ్డాక కాదు, పడకముందే.

నలభై శాతం దాటిన వైకల్యానికి సర్టిఫికెట్టు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకి పదిహేను వేలు. ఇంకొక మాట మన సంఘాలు పట్టించుకోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకి సంరక్షకుల భత్యం గురించి రాసి ఉంది. “ఆర్థిక సామర్థ్యం మేరకు” అని తోక కూడా తగిలించారు. మా మరదలి లాంటి ఆడవాళ్లు చేసేది పని అని ఒక చట్టం ఒప్పుకుంది. ఆ పనికి కూలి అడగటం మన డిమాండు కావద్దా?

బుద్ధుడి సంగతి ఒకటి చెబుతా. భిక్షువుల వినయ గ్రంథంలో ఉంది. ఒక భిక్షువుకి విరేచనాలు పట్టుకుని తన మలంలోనే పడి ఉన్నాడు. బుద్ధుడు, ఆనందుడు అటుగా వచ్చారు. ఎవరూ చూడటంలేదా అని బుద్ధుడు అడిగాడు. నేను వాళ్లకి ఏ పనికీ రాను, అందుకని చూడరు అన్నాడు రోగి. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. తను నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి అడిగాడు: మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు మీరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు అని. గమనించండి. ముందు నీళ్లు, తర్వాత ఉపన్యాసం. నేను తలకిందులుగా చేశాను.

మన ఉద్యమం కూడా ఈ విషయంలో తన్ను తాను చూసుకోవాలి. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ప్రాణాలు పోయినవాళ్లని ఏటా తలుచుకుంటాం, తలుచుకోవాలి. నేను ఆ సంస్మరణ సభల్లో మాట్లాడాను. కానీ దాడుల్లో ఒళ్లు విరిగి బతికినవాళ్ల ఇంటికి పోయి, మంచం పక్కన ఎవరున్నారమ్మా అని ఒక్కసారీ అడగలేదు. అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల్ని 2016లో సవరించి, నూరు శాతం వైకల్యానికి 8 లక్షల 25 వేలు ఇవ్వాలన్నారు. ఆ డబ్బు ఇప్పించటానికి కొట్లాడతాం, మంచిదే. ఆ డబ్బు రేత్రి రెండింటికి లేచి పక్క మార్చదు.

ఇక ఈ పేటలోకి వద్దాం. ఆ తమ్ముడి తల్లి ఇక్కడ కూర్చుని ఉంది. పదిరోజుల్లోనే ఆ కళ్లు చూడండి. అమ్మా, నిన్ను నేను పొగడను. ఇక్కడున్న వాళ్లెవరూ ఈ రాత్రి నిన్ను పొగడకూడదని కోరుతున్నా.

ఈ బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టాను. ఏడు రోజులు, రోజుకి రాత్రి నాలుగు వంతులు. మొత్తం ఇరవై ఎనిమిది గళ్లు. పగటి పనులు వెనక పక్క రాశా: ఆసుపత్రికి తోడు పోవటం, సర్టిఫికెట్టుకి తిరగటం, పరిహారం కాగితాలు, గుమ్మం ముందు మెట్టు కొట్టేసి చక్రాల కుర్చీకి వాలు కట్టటం. ఈ పేటలో తాపీ మేస్త్రీలే పదిమందున్నారు, ఆ వాలు ఒక్క పూట పని. మగవాళ్లు కూడా రాత్రి గళ్లల్లోనే పేరు రాయండి. కాగితాల పని మాది, కడిగే పని ఆడవాళ్లది అంటే ఒప్పుకోను.

రేపు పొద్దున ఆ కాగితం తీసుకుపోయి వాడికే చూపిస్తా. ఎవర్ని రానియ్యాలో, ఎవర్ని వద్దనాలో వాడే చెబుతాడు. ఒళ్లు వాడిది.

ఈ రాత్రి రెండు గంటల గడికి మాత్రం పొద్దున్నే వాణ్ణి అడిగి ఒప్పించుకున్నా. అందులో నా పేరు రాశా. మిగిలినవి ఇరవై ఏడు. పెన్ను అక్కడే ఉంది.

జై భీమ్.